మూడో రోజుకే పండిన జనుము

మా అత్త శివమ్మ పేనిన మోకుల మీద మనుషులు వేలాడేవారు. మాటవరసకు అనడం లేదు, నిజంగానే వేలాడేవారు. బావులు తవ్వేవాళ్లు ఆ మోకు పట్టుకునే ఇరవై గజాల లోతుకు దిగేవారు. గౌండ్లవాళ్లు మా దగ్గర తాడు కొని, దానిమీద తోలు చుట్టించుకుని, నడుముకు వేసుకుని తాటిచెట్లు ఎక్కేవారు. శివమ్మ మోకు అంటే చుట్టుపక్కల ఊళ్లలో ఎవరూ లాగి చూసేవారు కాదు.

ఆమె కొడుకు, అంటే నా మొగుడు చిన్నరాములు, బావులు లోతు చేసే జట్టులో పనిచేసేవాడు. తల్లి పేనిన మోకు మీదే కొడుకు దిగేవాడు. నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చి అప్పటికి రెండేళ్లు. ఆ రెండేళ్లలో అతను బావిలోకి దిగిన ప్రతిరోజూ నాకు భయంగానే గడిచింది.

"నా తాడు మీదనే నీకు అనుమానమా పిల్లా?" అనేది మా అత్త. ఆమెకు జవాబు చెప్పేంత ధైర్యం నాకెక్కడిది. తలకాయ వంచుకుని రొట్టెలు కొట్టుకునేదాన్ని.

ఇప్పుడు జనుము అంటే మా వైపు పిల్లలకు తెలియదు. మాది పాశమైలారానికి ఇవతల ఒక చిన్న ఊరు. తొలకరి పడగానే ప్రతి ఇంటివాళ్లూ పొలంలో ఒక చెక్క జనుము చల్లేవారు. అది మనిషెత్తు పెరిగి, పసుప్పచ్చగా పూసి, బతుకమ్మ పండుగ ముందు కోతకొచ్చేది. కోసిన కట్టెను కట్టలు కట్టి చెరువులో ముంచి, పైన బురదా రాళ్లూ పెట్టేవాళ్లం. ఆరో రోజుకో ఏడో రోజుకో బెరడు కట్టెను వదిలేది. దాన్ని ఒలిచి, ఉతికి, ఆరేస్తే నార. ఎక్కువ భాగం పటాన్‌చెరు తోవలో ఉన్న సుతిలి మిల్లుకు పోయేది. గోనెసంచుల మూతులు కుట్టే సుతిలి అక్కడ తయారయ్యేది. ఒకప్పుడు దసరా నెలలో మిల్లు గేటు నుంచి పెద్దరోడ్డు దాకా బండ్లు వరసగా నిలబడేవట. నేను కాపురానికి వచ్చేసరికి ఆ వరసలో పదిబండ్లు కూడా లేవు. జనుము చేన్లు కొన్ని కంపెనీల కిందికి పోయాయి, మిగిలినవాటి మీద నైలాన్ తాడు వచ్చి పడింది. మోకుల కోసం మాత్రం అందరూ మా గడపకే వచ్చేవారు. నైలాన్ అరచేతిలో జారుతుంది, చెయ్యి కాలుతుంది.

నానే జనుముకు మా ఇంట్లో ఒక మర్యాద ఉండేది. చెరువులో ఉన్న కట్టను కుళ్లింది అనకూడదు. పండింది అనాలి. నిజానికి జరిగేది కుళ్లడమే. ఆ వారం రోజులూ ఊరంతా కంపు కొడుతుంది, ఎంత కడిగినా చేతులకు పోదు. పెళ్లయిన కొత్తలో ఆ కంపుకు అన్నం సయించక "ఎంత కుళ్లిందో" అన్నాను. మా అత్త చేతిలోని గంటె కింద పెట్టేసింది.

"ఆ మాట ఇంకోసారి నీ నోట్లకెల్లి రావద్దు. దాని మీద మనుషులు దిగుతరు."

అంతే. మళ్లీ అనలేదు.

నేను చెప్పబోయేది ఎనభై తొమ్మిదో సంవత్సరం సంగతి. ఆ ఏడు వానలు బాగా పడ్డాయి. జనుము మా ఇంటి చూరు కంటే ఎత్తు పెరిగింది. చెరువు నిండింది. ఎగువన కొత్తగా లేచిన కంపెనీల వెనక నుంచి వచ్చే వాగు అప్పుడప్పుడు ఎర్రగా పారేది. వానకు మన్ను కొట్టుకొస్తోందని అనుకున్నాం. మన్నుకు నురగ ఎందుకొస్తుందని ఎవరమూ అడగలేదు.

మేం కట్టలు ముంచిన మూడో రోజు పొద్దున మా అత్త నడుము లోతు నీళ్లలోకి దిగింది. అది ఆమె రోజూ చేసే పనే. కట్ట నడుమ నుంచి ఒక కట్టె లాగి, మొదలు విరిచి, బెరడు పట్టుకుని గుంజి చూస్తుంది. సగంలో ఆగిపోతే ఇంకా పండలేదన్నమాట. ఆ రోజు బెరడు మొదలు నుంచి కొస దాకా ఆగకుండా వచ్చేసింది. తెల్లగా, మల్లెపూవులాగ ఉంది.

"పండింది," అంది మా అత్త. తన మాట తనకే నమ్మబుద్ధి కానట్టు ఇంకో కట్టె లాగింది. అదీ అంతే.

గట్టు మీద ఉన్న ఆడవాళ్లందరూ లేచి నిలబడ్డారు. మూడో రోజుకే పండడం ఎవరి ఎరుకలోనూ లేదు. చెరువుకట్ట మీది మైసమ్మ చల్లగా చూసిందన్నారు. మా పక్కింటి రాజవ్వ ఒక్కతి, ఆమెకు అప్పటికే డెబ్బై ఏళ్లు, ముక్కు ఎగబీల్చి చూసింది.

"వాసన లేదేందే శివమ్మా?"

"నీకు వాసన గావాల్నా రాజవ్వా? కోడలితోని మంచం ఏపిస్త, ఈడనే పండుకుని వాసన సూడు," అంది మా అత్త. అందరూ నవ్వారు, నేను అందరికంటే ఎక్కువ నవ్వాను. రెండేళ్ల నుంచి ఆ కంపు తప్పితే చాలని మొక్కుకున్నదాన్ని నేనే కదా. నీళ్లలో నిలబడి ఒలుస్తుంటే ఏటా పిక్కలు కొరికే చిన్నచేపలు ఆ ఏడు ఒక్కటీ రాలేదు. దానికీ సంతోషపడ్డాను. సాయంత్రానికి మోకాళ్ల కింద దురద మొదలైంది. వేపాకు నూరి రాసుకున్నాం.

నార ఆరాక బండి కట్టుకుని సుతిలి మిల్లుకు పోయాం. మిల్లులో సరుకు చూసి కొనే మునీం నాగయ్య మా నార చూసి మెచ్చుకున్నాడు. ఇంత తెలుపు తన సర్వీసులో చూడలేదన్నాడు. ఒక మోపు లోపలికి పంపి, మమ్మల్ని చెట్టు కింద కూర్చోమన్నాడు. గంట తర్వాత తిరిగొచ్చినప్పుడు అతని మీసాల మీద నార దుమ్ము ఉంది.

"శివమ్మా, ఏమనుకోకు. మిషన్ మీద నిలుస్తలేదు. ఎక్కిచ్చినకాడికి తునుగుతున్నది."

"మీ మిషన్ ఖరాబైందేమో సూడు."

"పొద్దుగాల వేరే ఊరి నార ఎక్కిచ్చినం. మంచిగనే నడిచింది."

మా అత్త లేచి నిలబడింది. "నా అత్త ఉన్నకాడికెల్లి మా నార ఈ మిల్లుల ఎక్కుతున్నది. ఇయ్యాల నువ్వు నాకు నార చెప్తవా నాగయ్యా?"

నాగయ్య మంచివాడు. మోపు తెచ్చి మళ్లీ మా బండిలో వేయించాడు. ఊరి పొలిమేర కాడ మా అత్త అంది, "సుతిలి సన్నపు పురి. సన్నది తునుగుతది. మోకు లావు పురి. లావు పురి ఎట్ల తునుగుతది?"

నాకు ఆ మాట సబబుగానే తోచింది. సన్నది తెగుతుంది, లావుది తెగదు. తాళ్లు పేనే ఇంట్లో పుట్టి పెరిగిన మనిషి చెబుతోంది. సన్నగా ఉన్నప్పుడు తెగేది లావుగా పేనితే లోపల దాక్కుంటుందని ఆమెకూ తట్టలేదు, నాకూ తట్టలేదు.

మూడు రోజులు వాకిట్లో మోకులు పేనాం. ఒక కొస గుంజకు కట్టి, నేను పురి ఎక్కిస్తుంటే ఆమె నార అందించేది. ఆ నార నా వేళ్లలో చిట్లింది. దుమ్ము లేచి తుమ్ములొచ్చాయి. ఏ ఏడూ లేనిది ఇదేందని అడిగితే, "బాగ ఎండింది, తడి చేసి పేను" అంది. తడి చేస్తే నిజంగానే చక్కగా ఒదిగింది. ఏడు మోకులు పేని అంగడికి సిద్ధం చేసింది. ఎనిమిదోది అన్నిటికంటే పెద్దది, కొడుకు జట్టుకు. జట్టు మేస్త్రి కిష్టప్ప వచ్చి దాన్ని భుజాన వేసుకుని పోయాడు.

సంగారెడ్డి అంగడిలో ఏడు మోకులూ మధ్యాహ్నానికే అయిపోయాయి. తెలుపు చూసి ఎగబడ్డారు. కొన్నవాళ్లలో ఆరుగురు ఎరిగినవాళ్లే. ఏడోది సైకిల్ మీద వచ్చిన ఒక గౌండ్లాయన తీసుకున్నాడు. మాకు తెలియని మనిషి. మంచి తాడు దొరికిందని మురిసిపోతూ క్యారేజీకి కట్టుకుని వెళ్లిపోయాడు.

తర్వాత నాలుగు రోజులకు మా బర్రె తాడు తెంచుకుని పక్కవాళ్ల జొన్న చేను మేసింది. దానికి కట్టింది కూడా కొత్త నార తాడే. నేను ఆ తెగిన కొస పట్టుకుని చాలాసేపు చూశాను. గుంజితే తెగిన తాడుకు పీచు లేస్తుంది. దీనికి పీచు లేదు. కత్తితో కోసినట్టుంది.

"బర్రె ఎదకొచ్చింది. ఇగ దానికి ఏ తాడు ఆగుతది?" అంది మా అత్త.

ఆ పూట చిన్నరాములు అన్నం తింటుంటే అతని ముందు కూర్చున్నాను.

"జెర ఆ మోకు ఒక్కసారి లాగి సూడరాదు."

"ఎందుకు?"

"బర్రె తాడు ఎట్ల తెగిందో సూసినవా?"

"బర్రె తాడుకు మోకుకు లంకేంది దేవా? ఈ ముచ్చట అమ్మకు చెప్పు పో. నువ్వు చెప్పేటప్పుడు నేను ఇంట్ల ఉండ, గంతే." నవ్వుతూ చెయ్యి కడుక్కున్నాడు. నన్ను అతను దేవా అనే పిలిచేవాడు. అతనికి తల్లి మీద ఎంత నమ్మకమంటే, ఆమె మోకు మీద తలకిందులుగా దిగమన్నా దిగుతాడు. నాకు ఆ నమ్మకం చూస్తేనే భయమేసేది. ఆ రాత్రి నుంచి నాకు సరిగా నిద్ర లేదు.

లక్డారంలో యాదగిరి పటేల్ బావి లోతు చేసే పని వాళ్ల జట్టుకు దొరికింది. కింద బండ తగిలింది. బండకు గుంతలు కొట్టి, మందు కూరి, వత్తి అంటించి పేలుస్తారు. మందు కూరినవాళ్లంతా ఒకరి తర్వాత ఒకరు పైకి వచ్చేస్తారు. వత్తి అంటించే మనిషి ఒక్కడు ఆఖరికి మిగులుతాడు. అతను అంటించి, మోకు పట్టుకుని "లాగు" అంటే పైన నలుగురు గిరక మీద లాగాలి. వత్తి కాలేది ఒక బీడీ సగం తాగేంతసేపే. ఆ ఆఖరి మనిషి నా మొగుడు.

సద్దుల బతుకమ్మకు ముందురోజు మా అత్త తంగేడు పూలు కోయడానికి పోయింది. నేను ఇంట్లో కట్టెల మోపు కడదామని తాడు కోసం చూశాను. పెద్ద మోకు పేనినాక సరి చేసి కోసిన ముక్క, మూడు మూరలది, గుంజకు వేలాడుతోంది. అది మోపుకు చుట్టి, పాదం తన్నిపెట్టి గుంజాను. నేను వెల్లకిలా పడ్డాను. తాడు రెండు ముక్కలై నా రెండు చేతుల్లో ఉంది. పైన తెల్లగా మెరుస్తోంది. నడుమ పురి విప్పి చూస్తే లోపల నార లేదు, పొట్టు ఉంది. వేళ్ల మధ్య నలిపితే పిండయింది.

ఆ రెండు ముక్కలూ వాకిట్లోనే పారేసి పరుగెత్తాను. తలుపు పెట్టానో లేదో తెలియదు. లక్డారం మాకు రెండు మైళ్లు. పొలాల గట్ల మీద పడుతూ లేస్తూ పోయాను. ఒక్కటే భయం, చప్పుడు వినిపిస్తుందేమోనని. బావిలో మందు పేలితే మా ఊరి దాకా వినిపిస్తుంది. ఈసారి ఆ చప్పుడు వినిపిస్తే అతను పైకొచ్చి ఉంటాడో, సగంలో ఉంటాడో. కంపెనీ బస్సు హారన్ కొట్టినా అదేననుకున్నాను.

బావి దగ్గరికి చేరేసరికి గిరక దగ్గర కిష్టప్ప, పోచయ్య, ఇంకో ఇద్దరు నిలబడి ఉన్నారు. పోచయ్య నా మొగుడి దోస్తు, అప్పుడే పైకి వచ్చినట్టున్నాడు, ఒంటినిండా రాతిదుమ్ము. మోకు బావిలోకి వేలాడుతోంది.

"ఆయన ఏడి?"

"కింద ఉన్నడు. వత్తి అంటించబోతున్నడు. నువ్వు దూరం జరుగు బిడ్డా," అన్నాడు కిష్టప్ప.

"వద్దను. మామా, అంటించొద్దని చెప్పు. ఆ మోకు మీద లాగొద్దు."

కిష్టప్ప నన్ను ఎగాదిగా చూశాడు. "ఇప్పుడే ముగ్గురం దీని మీదనే వచ్చినం. ఏమైంది నీకు?"

నేను అతనితో వాదించలేదు. బావి ఒరకు పోయి బోర్లా పడుకుని కిందికి చూశాను. అడుగున అతని తలకాయ చిన్నగా కనబడింది. చేతిలో అగ్గిపెట్టె.

"అగ్గిపెట్టె జేబుల పెట్టు," అని అరిచాను. "ఆ మోకు పట్టుకోకు. మోకు కుళ్లింది."

ఆ మాట అనగానే పోచయ్య నా భుజం పట్టి వెనక్కి లాగాడు. బావి మీద ఎవరూ అనని మాట అది, దిగిన మనిషి ఇంకా లోపల ఉండగా అసలే అనరు. కిష్టప్ప ముఖం నల్లబడింది.

"ఎవని ముంగట ఏం మాట అంటున్నవ్? లోపల మొగడున్నడు నీకు."

కిందనుంచి అతని గొంతు వచ్చింది. కోపంగా లేదు. "దేవా, అది అమ్మ పేనిన మోకు."

"ఎరికే. పురి ఎక్కిచ్చింది నేనే. కుళ్లింది."

అతను మోకు కొస చేతిలోకి తీసుకోవడం చూశాను. దాన్ని చూస్తున్నాడు. చూస్తే ఏం కనబడుతుంది, పైకంతా తెలుపే. నేను చెప్పింది అతను నమ్మడం లేదని నాకు తెలిసిపోయింది. నమ్మకపోతే వత్తి అంటిస్తాడు. ముగ్గురు వచ్చారు కదా, తానూ వస్తానని అనుకుంటాడు.

"అమ్మ అన్నదా?" అన్నాడు.

మా అత్త తంగేడు పూల కాడ ఉంది. ఆమెకు ఏమీ తెలియదు. నేను పెళ్లయి వచ్చాక ఆమె పేరు మీద ఒక్క అబద్ధమూ ఆడలేదు, ఆడేంత ధైర్యం లేకనే.

"అమ్మనే అన్నది," అన్నాను. "అమ్మనే నన్ను ఉరికిచ్చింది."

అతను అగ్గిపెట్టె జేబులో పెట్టుకున్నాడు.

ఇక పైకి ఎలా రావాలి. ఇంకో తాడు లేదు. మందు కూరిన బండ మీద అతను నిలబడి ఉన్నాడు. యాదగిరి పటేల్ భార్య కౌసల్యమ్మ ఈ అరుపులు విని చేనులోంచి వచ్చింది. సంగతి విని కొట్టంలోకి పోయింది. మోట కొట్టే కాలంలో వాళ్లింట్లో వాడిన పాత మోకు ఇంకా చూరుకు వేలాడుతోందట. నల్లబడి, దుమ్ముకొట్టుకుపోయి ఉంది. అదీ మా అత్త పేనిందే, పన్నెండేళ్ల కిందటిది. కిష్టప్ప దాన్ని రెండు చేతులా పట్టి, పోచయ్యను రెండో కొస పట్టమన్నాడు. ఇద్దరూ చెరో వైపు గుంజారు. కిర్రుమంది గాని కదల్లేదు. దాన్ని గిరకకు ఎక్కించి కిందికి వదిలారు. అతను వత్తులు పీకేసి పట్టుకున్నాడు. నలుగురూ లాగారు. అతని తల ఒర మీదికి వచ్చేదాకా నేను ఆ నల్ల మోకు మీంచి చూపు తిప్పలేదు. పైకి వచ్చాక అతను నన్ను ముట్టుకోలేదు. నా పక్కన కూర్చుని బీడీ తీశాడు, మళ్లీ లోపల పెట్టుకున్నాడు.

అప్పుడు వచ్చింది మా అత్త. ఆమె అంత వేగంగా నడవడం నేనెప్పుడూ చూడలేదు. కొంగులో తంగేడు పూలు అలాగే ఉన్నాయి, దారంతా రాలినన్ని రాలగా. ఇంటికి పోయి వాకిట్లో ముక్కలు చూసి ఉంటుంది. మా దగ్గరికి వచ్చి కొడుకును తల నుంచి కాళ్ల దాకా చూసుకుంది.

"అమ్మా," అన్నాడు చిన్నరాములు. "మోకు కుళ్లిందని నువ్వే చెప్పి పంపినవా?"

ఆమె నా వైపు చూసింది. నేను నేల చూపులు చూశాను. జట్టు మొత్తం వింటోంది, పటేల్ ఇంటివాళ్లు వింటున్నారు. కాదంటే నేను అబద్ధాలకోరునవుతాను, ఆమె పేరు నిలుస్తుంది.

"చెప్పిన," అంది మా అత్త. "కుళ్లింది."

కిష్టప్పకు మనసు ఒప్పలేదు. గంపలో ఇద్దరు మనుషుల బరువు రాళ్లు నింపించి, కొత్త మోకుకు కట్టించి కిందికి దింపాడు. తర్వాత లాగమన్నాడు. గంప సగం దాకా బాగానే వచ్చింది. అక్కడ మోకు తెగింది. చప్పుడు కూడా కాలేదు. లాగే నలుగురూ ఒక్కసారిగా వెనక్కి పడ్డారు, ఆ తర్వాత కింద బండ మీద రాళ్లు పడ్డ శబ్దం వచ్చింది. గంట కిందట అదే మోకు మీద వచ్చిన పోచయ్య అక్కడే కూలబడి, చేతులు చూసుకుంటూ కూర్చున్నాడు.

ఇంటికి వచ్చే దారిలో మా అత్త వేళ్లు ముడిచింది. ఒకటి, రెండు, మూడు. ఏడో వేలు దగ్గర ఆగింది. నాకు అర్థమైంది. నా మొగుడు పైకి వచ్చాడు, కాని ఇంకా ఏడుగురు వేలాడుతున్నారు.

మరునాడు ఊరంతా బతుకమ్మ ఆడుతుంటే మేమిద్దరం మోకుల కోసం తిరిగాం. ప్రతి ఇంటి ముందూ ఆమె ఒకటే మాట చెప్పింది. "నా చెయ్యి తప్పింది. మోకు వాపస్ ఇయ్యి." ఆ ఎర్రనీళ్లే నారను తినేశాయని ఇద్దరికీ తెలిసినా నీళ్లని అనలేదు, కంపెనీ అనలేదు. ఎందుకు అనవని అడిగితే, "నీళ్లని అంటె ఇస్తరో ఇయ్యరో. శివమ్మ చెయ్యి తప్పిందంటె భయపడి ఇస్తరు" అంది. అది నిజమే. ఒక గౌండ్లాయన తోలు కొత్తగా చుట్టించానని ఇవ్వనంటే, ఆమె అతని కొడవలే అడిగి తీసుకుని తోలు చీల్చి లోపలి పొట్టు చూపించింది. అతని పెళ్లాం లోపలికి పోయి ఏడ్చింది. ఆరు మోకులు దొరికాయి. వాకిట్లో కుప్ప పోసి తగలబెట్టాం. అవి మండిన తీరు కూడా వేరుగా ఉంది, ఆకుపచ్చటి మంట, గొంతు పట్టే పొగ.

ఏడోది దొరకలేదు. ఆ మనిషి పేరు అడగలేదు, ఊరు అడగలేదు. తాడు అమ్మేటప్పుడు ఎవరు అడుగుతారు? దీపావళి దాటేదాకా ప్రతి అంగడికీ పోయి, కూర్చున్న చోటే కూర్చున్నాం, అమ్మడానికి ఏమీ లేకుండా. సైకిల్ మీద గౌండ్లాయన ఎవరు కనబడినా మా అత్త లేచి ఎదురు పోయేది. అతను రాలేదు. ఏ చెట్టు కిందనైనా ఎవరైనా పడ్డారని వింటే ఆమెకు రెండు రోజులు ముద్ద దిగేది కాదు. నాకూ అంతే. నాకు ఇంకో సిగ్గు కూడా ఉండేది. నా మనిషి నా ఇంట్లో ఉన్నాడు కదా అని మనసు లోపల ఎక్కడో ఊరట పడేది.

చిన్నరాములు మళ్లీ బావిలోకి దిగలేదు. ఆ చలికాలమే కంపెనీలో చేరాడు. ఏ కంపెనీ నీళ్లు చెరువులోకి వస్తున్నాయని అందరూ అప్పటికి మాట్లాడుకుంటున్నారో అందులోనే. పొమ్మన్నది నేనే. మరుసటి ఏడు మా ఊళ్లో ఎవరూ జనుము చల్లలేదు. సుతిలి మిల్లు రెండేళ్లు ఈడ్చి మూతబడింది.

చిన్నరాములు కంపెనీలో చేరిన తర్వాతి ఎండాకాలం, ఒక మధ్యాహ్నం, మా అత్త చాటలో బియ్యం చెరుగుతుంటే ఒక మనిషి సైకిల్ గోడకు ఆనించి లోపలికి వచ్చాడు. ముప్పై ఏళ్లుంటాయి. మోకాళ్ల లోపల, పాదాల మీద చెట్టెక్కేవాళ్లకు కాసే కాయలు ఇంకా లేతగా ఉన్నాయి.

"శివమ్మ ఇల్లు ఇదేనా?"

"ఇదే. ఎవలు బిడ్డా?"

"ఒక మోకు గావాలె. పోయిన బతుకమ్మకు ముంగట మా అన్న అంగడిల నీ దగ్గరనే కొన్నడు. తెల్లటిది. ఊళ్లె అందరు మెచ్చుకున్నరు."

మా అత్త చేతిలో చాట ఆగింది. నేను వంటింటి గుమ్మంలో నిలబడ్డాను.

"మీ అన్న రాలేదా?" అంది ఆమె.

"అన్న లేడమ్మా. ఇప్పుడు నేనే ఎక్కుతున్న."

మా మాటలో లేడు అంటే ఒక్క అర్థం కాదు. కంపెనీ పనికి పోయినా ఇంట్లో లేడే. దుబాయ్ పోయినా లేడే. చచ్చిపోయినా లేడే. ఇంకొక్క మాట అడిగితే తెలిసిపోతుంది. మా అత్త నోరు తెరిచింది. నేను ఆమెను చూస్తున్నాను. ఆమె నన్ను చూసింది.

"మేం మోకులు పేనుడు బంద్ పెట్టినం బిడ్డా. నైలాన్‌ది కొనుక్కో," అంది.

అతను సరేనని, తాగడానికి నీళ్లు అడిగాడు. నేను చెంబుతో ఇచ్చాను. గడగడా తాగి, మూతి తుడుచుకుని, చెంబు నా చేతికిచ్చాడు. నాకు రెండడుగుల దూరంలో నిలబడ్డాడు. అప్పుడైనా అడగవచ్చు. అడగలేదు. చెంబు పట్టుకుని లోపలికి జరిగాను. సైకిల్ ఎక్కి వెళ్లిపోయాడు.

మా అత్త ఆ తర్వాత పదకొండేళ్లు బతికింది. మేమిద్దరం మాట్లాడుకోని విషయం లేదు, ఆ ఒక్కటి తప్ప. ఆ మోకు తెగి ఉంటే తమ్ముడు మళ్లీ మా ఇంటికే ఎందుకొస్తాడని నాకు నేను చెప్పుకుంటాను. తోలు చుట్టిన మోకు తెగిందో, కాలే జారిందో చెట్టు కింద ఎవరు విప్పి చూస్తారని మళ్లీ నాకే తోస్తుంది. అతను దాచే మనిషిలాగ లేడు. అడిగితే చెప్పేవాడే.